ఎడమ చెయ్యే కదా అన్నారు

పచ్చకామెర్లు వచ్చినవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. ఆ సామెత కట్టినవాడికి జన్మలో ఒక్కసారైనా కామెర్లు వచ్చి ఉండవు. నాకు వచ్చాయి. కళ్ళు పసుపు పూసినట్టున్న రోజున ట్యూబులైటు కింద కూర్చుని తెల్లరంగు డబ్బా మూత తీసి చూశాను. తెల్లగానే ఉంది. పక్కనున్న ఎర్రది ఎర్రగానే ఉంది. లోకం ఎలా ఉండేదో అలాగే ఉంది, నేనే పచ్చగా ఉన్నాను. ఆ రోజు నుంచి నా చుట్టూ ఉన్నవాళ్ళకే ఏదీ ఉన్నదున్నట్టు కనపడలేదు. కొన్నాళ్ళకు నాక్కూడా.

ఇది మొదలై తొమ్మిది నెలలు కావొస్తోంది. నాకిప్పుడు జబ్బేమీ లేదు, కాగితాల మీద అలాగే రాసి ఉంది. కోపం మాత్రం ఉంది. కోపం చల్లారాక రాద్దామనుకున్నాను గాని అది చల్లారేలా లేదు. అందుకని కోపంతోనే రాస్తున్నాను. చదివేవాళ్ళలో ఎవరికైనా రేపు కళ్ళు పచ్చబడితే ఇది గుర్తుకు రావాలి.

నేను చిలకలూరిపేట దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్ని. నలభై నాలుగేళ్ళు. మా ఆయనకు పేటలో విత్తనాలు, పురుగుమందుల షాపు ఉంది. అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఇంట్లో ఉండేది మేమిద్దరం, మా అత్తయ్య.

ఆరేళ్ళ క్రితం ఎనిమిదో తరగతి పిల్లల్ని కొండవీడు కోట చూపించడానికి తీసుకెళ్ళాను. ఎండలో ఎక్కీ ఎక్కీ అలసిపోయిన ఒక పిల్ల, "టీచర్, అప్పుడు ఇక్కడ కాపలా కాసినోళ్ళకి చెప్పులుండేయా?" అని అడిగింది. నాకు తెలియదు. పాఠంలో రాజుల పేర్లున్నాయి, వాళ్ళ పాలన ఏళ్ళున్నాయి, కాపలావాడి కాళ్ళు లేవు. ఇంటికొచ్చి ఫోనులో వెతుకుతూ పోతే ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో పాతకాలపు సైనికుల బొమ్మలు చేసి అమ్ముతున్నారని తెలిసింది. బొటనవేలంత ఉంటాయి. బూడిద రంగులో వస్తాయి, రంగులు మనమే వేసుకోవాలి. ఓ డబ్బా తెప్పించాను. అంతే, పట్టుకుంది నన్ను ఆ పిచ్చి.

మన కోటలవాళ్ళ బొమ్మలు ఎవరూ చెయ్యరు. వచ్చేవన్నీ పరాయి సైనికులు. వాళ్ళ టోపీలు బ్లేడుతో కోసేసి పుట్టీతో తలపాగాలు చుడతాను. బూట్లు గీకి గీకి ఉత్తకాళ్ళు చేస్తాను. పిక్కల మీద మట్టి రంగు, ఎండకు కమిలిన భుజాలు, మాసిన పంచె. ఒక్కొక్కడికి నాలుగైదు సాయంత్రాలు పడుతుంది. వంట ముగించి, మా ఆయన షాపు కట్టేసి వచ్చేదాకా ఒక గంట. అన్నిటికన్నా కష్టం కళ్ళు. తెల్లచుక్క పెట్టి, దాని మధ్యలో నల్లచుక్క పెట్టాలి. ఊపిరి బిగబట్టి పెట్టాలి. ఆ చుక్క కుదిరిందా, వాడు మనవైపు చూస్తాడు. కుదరలేదా, వాడు గుడ్డివాడు.

మా అత్తయ్య, "బొమ్మలకు చీరలు కట్టే వయసా అమ్మాయ్ నీది?" అనేది. మా ఆయన షాపుకొచ్చిన రైతులతో, "మా ఇంట్లో దండు తయారవుతోందయ్యా, ఎప్పుడో నామీదికే వస్తుంది" అని నవ్వేవాడు. ఎవరూ అడ్డం చెప్పలేదు. ఎవరూ కూర్చుని చూడనూ లేదు.

నేను ఆ కుంచె పట్టేది ఎడమ చేత్తో. నాది పుట్టుకతో పుర్రచెయ్యి. మా నాయనమ్మ నా ఎడమ చేతికి తువ్వాలు చుట్టి ముడేసి అన్నం ముందు కూర్చోబెట్టేది. బడిలో మాష్టారు వేళ్ళ గణుపుల మీద కొట్టేవాడు. ఎడమ చేత్తో ఇస్తే తీసుకునేవాళ్ళు లేరు, ఎడమ చేత్తో వడ్డిస్తే తినేవాళ్ళు లేరు. పదేళ్ళు వచ్చేసరికి తినడం, రాయడం, ముగ్గు పెట్టడం, కత్తిపీట ముందు కూర్చోవడం అన్నీ కుడి చేతికి మారాయి. నేనూ మర్చిపోయాను. మొదటి సైనికుడికి రంగు వేద్దామని కూర్చున్న రోజు కుంచె దానంతటదే ఎడమ చేతిలోకి వెళ్ళింది. ఎవరూ కొట్టలేదు. ఆ గంటసేపు నా చెయ్యి నా సొంతం.

జూలై చివరి వారంలో మొదలైంది. తాలింపు వాసనకే కడుపులో తిప్పేది. మెట్లెక్కితే కాళ్ళు పీకేవి. నాలుగో రోజు స్టాఫ్ రూములో లెక్కల టీచరు విజయ నా మొహం వెలుతురుకి తిప్పి, "సుజాతా, నీ కళ్ళు చూసుకున్నావా?" అంది. ఇంటికొచ్చి చూసుకున్నాను. తెల్లరంగు డబ్బా మూత తీసి చూసింది ఆ సాయంత్రమే.

మర్నాడు ఊళ్ళో డాక్టరు దగ్గరికి వెళ్ళాం. గంటన్నర కూర్చున్నాం. గోడకున్న టీవీలో ఎవరో ఆవకాయ కలుపుతున్నారు, దాన్ని చూడలేక కళ్ళు మూసుకుని కూర్చున్నాను. రక్తం తీసుకున్నారు, సాయంత్రం మళ్ళీ రమ్మన్నారు, మళ్ళీ గంట. లోపలికి పిలిచాక డాక్టరు కాగితం చూశాడు, మా ఆయన్ని చూశాడు. నన్ను చూడలేదు.

"నీళ్ళ వల్ల వచ్చేదే. దీనికి మందేమీ లేదండి. రెస్టు తీసుకోమనండి. తేలిగ్గా అరిగే తిండి పెట్టండి. రెండు వారాలయ్యాక మళ్ళీ టెస్టు చేయిద్దాం."

అంతే. కుర్చీ వేడెక్కకముందే బయటికొచ్చేశాం. ఆ మనిషి చెప్పినదాంట్లో తప్పేమీ లేదని ఇప్పుడు నాకు తెలుసు. మందు అక్కర్లేకుండానే ఒళ్ళు తనను తానే బాగుచేసుకుంటుంది, ఆలోపు కనిపెట్టుకుని ఉంటే చాలు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఆయనకు ఇంకెంతసేపు పట్టేది? చెప్పలేదు. మా ఆయన గుమ్మం దాటుతూనే, "వీళ్ళ దగ్గర మందు లేదంట" అన్నాడు. ఆ మాట ఇంటికి చేరేసరికి, ఇంగ్లీషు వైద్యానికి లొంగని రోగం అయిపోయింది.

"నేను ముందే చెప్పాను గదరా, కామెర్లకి పసరు తప్ప ఇంకోటి లేదని. పొదిలి అవతల ఉన్నాడు ఒకాయన. మా పిన్ని కొడుక్కి ఆయనే తగ్గించాడు" అంది అత్తయ్య.

రోగం ఎక్కణ్ణించి వచ్చిందో కూడా తేల్చేశారు. డాక్టరు నీళ్ళన్నాడు కదా, అది ఎవరి చెవికీ ఎక్కలేదు. "ఆ రంగులే. రోజూ సాయంత్రం వాటి మీద వంగి కూర్చుంటే కాలేయం ఉంటుందా పోతుందా" అన్నాడు మా ఆయన. పొద్దున్నే లేచి షాపులో పురుగుమందు డబ్బాల మధ్య కూర్చునే మనిషి అన్న మాట ఇది. నేను మంచం మీద ఉండగానే రంగుల పెట్టె, కుంచెలు, సగంలో ఉన్న సైనికులు అన్నీ అట్టపెట్టెలో పడేసి అటకెక్కించాడు. వద్దనడానికి నాకు ఓపిక లేదు. అప్పుడే అరిచి ఉండాల్సింది.

ఆగస్టు మొదటి ఆదివారం తెల్లవారకముందే బయల్దేరాం. పరగడుపున తాగాలట పసరు. అద్దంకి, దర్శి మీదుగా కారులో వెళ్తుంటే ప్రతి కుదుపుకీ వాంతి వచ్చినట్టుండేది. అత్తయ్య నా తల ఒళ్ళో పెట్టుకుని దారంతా నిమ్మకాయ వాసన చూపిస్తూనే ఉంది. అది ప్రేమ కాదని నేను అనలేను. ప్రేమే. అదే నా బాధ, ఎవరి మీద పడి పోట్లాడను?

ఆయన ఇంటి ముందు రేకుల పందిరి. అప్పటికే ఇరవై మంది ఉన్నారు. అందరి కళ్ళూ నా కళ్ళే. ఒకావిడ కొంగు పరిచి పిల్లాణ్ణి పడుకోబెట్టింది. మా ఆయన కారు నీడలో పెట్టి వస్తానని వెళ్ళాడు. పసరు మందాయన ఎలా ఉంటాడో అనుకున్నాను గాని తెల్లటి బనీను, పంచె, నెమ్మదిగా మాట్లాడే మనిషి. డబ్బు కూడా పుచ్చుకోడు. ఊళ్ళో డాక్టరు చూడని నా మొహాన్ని ఈయన తేరిపార చూశాడు. నాడి పట్టుకున్నాడు. ఎన్నాళ్ళయింది, ఏం తింటున్నావు, నిద్ర పడుతోందా అని ఒక్కొక్కటే అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపే నన్ను పడగొట్టింది.

"భయపడమాకమ్మా. మూడు పూటలు పసరు, ఒక వాత, ఇరవై ఒక్క రోజులు చప్పిడి పథ్యం. కామెర్లు ఆ వాత లోంచే దిగిపోతాయి" అన్నాడు. నిప్పుల్లో కడ్డీ కాలుతోంది. "ఏ చేత్తో పని చేసుకుంటావు? పని చేసే చేతికి పెట్టను, కొన్నాళ్ళు నొప్పుంటది."

"కుడి చేత్తో" అన్నాను.

ఎన్నిసార్లు ఆ మాట దగ్గరికి వెళ్ళొచ్చానో లెక్కలేదు. ఆయన అడిగాడు. డాక్టరు అడగలేదు, మొగుడు అడగలేదు, చదువులేని ఆ ముసలాయన అడిగాడు. నేనే కుడి అన్నాను. పక్కన అత్తయ్య ఉంది, వెనక అంతమంది జనం ఉన్నారు. ఆయన "పని" అన్నాడు. వంట పని, రాయడం పని. బొమ్మలకు రంగులెయ్యడం పనా? పుర్రచెయ్యి అని ఒప్పుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు నాలుక చప్పరించడం చిన్నప్పటి నుంచి చూశాను. నోరు దానంతటదే కుడి అనేసింది. మూఢనమ్మకాల మీద పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టి, మొదటి బహుమతి నా చేతుల మీదుగా ఇచ్చిన దాన్ని నేను. ఆ ఇచ్చిన చేతులు రెండిట్లో ఎడమది చాపాను.

మణికట్టు లోపలివైపు పెట్టాడు. దాని గురించి ఎక్కువ రాయను. అరిచాను. అత్తయ్య నా కళ్ళు మూసింది.

తర్వాత రెండు వారాలు ఇంట్లో నాకొక రాజ్యాంగం. ఉప్పు లేదు, కారం లేదు, నూనె లేదు. గుంటూరు జిల్లాలో పుట్టి మజ్జిగన్నంలో ఉప్పురాయి కూడా లేకుండా తినడమంటే ఏమిటో తిన్నవాళ్ళకే తెలుసు. అత్తయ్య కూడా నాతోపాటు చప్పిడే తింది. "నువ్వు తింటుంటే నాకు పచ్చడి ఎలా దిగుతుంది అమ్మాయ్" అంది. డెబ్భై రెండేళ్ళ మనిషి. వాతకు మాత్రం తడి తగలనివ్వలేదు. పసుపు, బూడిద అద్ది గుడ్డ కట్టింది. స్నానానికి వెళ్తే బయట నిలబడి, "చెయ్యి పైకెత్తావా?" అని అడిగేది.

వారానికి చెయ్యి బరువెక్కింది. పదో రోజుకి మోచేతిదాకా వాచింది. చలిజ్వరం. గుడ్డ విప్పితే వాసన.

"అత్తయ్యా, చీము పట్టింది. డాక్టరుకి చూపిద్దాం."

"పట్టాలే! చీము రూపంలో కామెర్లు దిగుతున్నాయి. ఇప్పుడు ఆపితే లోపలే ఉండిపోతాయి."

మా ఆయనకు చెప్పాను. పత్తికీ మిరపనారుకీ రైతులు షాపు ముందు వరస కట్టే రోజులు. "ఈ నాలుగు రోజులు ఓపిక పట్టు. ఆయన చెప్పాడు కదా నొప్పుంటుందని" అన్నాడు ఫోను చెవికి పెట్టుకునే. నాలుగు రోజులు! నేనూ పట్టాను ఓపిక. చిన్నప్పటి నుంచి అదే కదా నేర్పింది.

ఆ శనివారం విజయ చూడ్డానికి వచ్చింది. బత్తాయిలు బల్ల మీద పెట్టి, నన్ను అడగకుండానే గుడ్డ విప్పింది. వీధిలోకి వినపడేలా అరిచింది.

"పిన్నిగారూ, ఇది కామెర్లు దిగడం కాదు, చెయ్యి కుళ్ళడం!" అంది. వెంటనే మా ఆయనకు ఫోను కలిపింది. "అన్నయ్య గారూ, పావుగంటలో మీరు వస్తారా, నన్ను తీసుకెళ్ళమంటారా? ఏదో ఒకటి ఇప్పుడే చెప్పండి."

మా ఆయన వచ్చాడు. గుడ్డ కింద చెయ్యి చూశాక అతని మొహంలో రంగు పోయింది. నేరుగా గుంటూరు తీసుకెళ్ళాడు.

బ్రాడీపేటలో ఆ ఆసుపత్రి ఉన్న వీధిలో ఆటోలు, కోచింగ్ సెంటర్ల పిల్లలు, స్కూటర్లు తప్ప ఖాళీ లేదు. కారు ఎక్కడో ఆపి నడిపించారు. సర్జన్ గారు పెద్దావిడ. చెయ్యి చూసి తలెత్తలేదు కాసేపు. "ఎంతమందిని చూడాలమ్మా ఇలా" అని మాత్రం అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. చీము తియ్యాలి, లోపల వేళ్ళని కదిలించే నరాల దాకా పోయిందేమో చూడాలి, ఎంతవరకు కదులుతాయో తర్వాత గాని చెప్పలేను అన్నారు. కాగితం మీద రాసుకుంటూ అడిగారు, "ఎడమ చేత్తో ఏవైనా పనులు చేస్తారా?"

"ఏమీ లేదండి. ఆవిడది కుడిచేతి వాటమే" అన్నాడు మా ఆయన.

అతను అబద్ధం చెప్పలేదు. ఆరేళ్ళుగా ప్రతి సాయంత్రం షాపు నుంచి వచ్చి, నేను కుంచె పట్టుకుని కూర్చున్న బల్ల పక్క నుంచే నడిచి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. నా చెయ్యి ఏదో అతనికి తెలియదు. అంతే నిజం. ఆ క్షణంలో నాకు చెయ్యి నొప్పి కూడా తెలియలేదు, ఒళ్ళంతా మండిపోయింది.

"నేను పుర్రచెయ్యి దాన్ని డాక్టరు గారూ. బొమ్మలకు రంగులు వేస్తాను, ఎడమ చేత్తో. కంటిపాపలు పెడతాను. నాకు ఆ చెయ్యి కావాలి" అన్నాను. గట్టిగానే అన్నాను, తలుపు దగ్గర నర్సు వెనక్కి తిరిగింది. డాక్టరు గారు ముందు రాసింది కొట్టేసి, కొత్తగా రాసుకున్నారు.

ఆసుపత్రిలో పదకొండు రోజులు. పక్క మంచం మీద ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చిన కోటమ్మ అనే ఆవిడ. షుగరు, మిరపచేలో కాలికి గుచ్చుకున్న ముల్లు, దాని మీద పుండు. నా సంగతి విని పడీపడీ నవ్వింది. "నేనంటే ఏలిముద్ర దాన్ని. నీకేమైందమ్మా టీచరమ్మా? పిలకాయలకు ఏం పాఠం చెప్తావు ఇంక?" అంది. ఆ నవ్వు నాకు మంచి చేసింది. అందరూ జాలిపడుతుంటే ఒక్క మనిషైనా ఉన్న మాట అంది. పొద్దున్నే తన మంచం మీదే కూర్చోబెట్టుకుని నాకు చిక్కు తీసి జడ వేసేది. ఒంటిచేత్తో జడ ఎలా వేసుకుంటారు మరి.

ఆ పదకొండు రోజుల్లో చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ, ఒక్కరు కూడా తప్పకుండా, ఒకటే మాట అన్నారు. "పోన్లే, ఎడమ చెయ్యే కదా. కుడిదైతే ఏం గతి?" ఓదార్పుగానే అన్నారు. కుడి చేత్తో వాళ్ళ నోరు మూయాలనిపించేది.

సెప్టెంబరు మొదటి వారంలో రక్తపరీక్ష మామూలుగా వచ్చింది. కామెర్లు పోయాయి. ఎలా పోతాయని ఊళ్ళో డాక్టరు చెప్పకుండా వదిలేశాడో అలాగే పోయాయి. ఇంట్లో కొబ్బరికాయ కొట్టారు. "చూశావా, పసరు పనిచేసింది. చెయ్యి నీ ఖర్మ" అంది అత్తయ్య. నేను కొబ్బరిముక్క తినలేదు. ఆ రోజు ఇంట్లో గిన్నె ఎత్తి కొట్టాను, పెళ్ళయిన పందొమ్మిదేళ్ళలో మొదటిసారి.

అక్టోబరు నుంచి సంక్రాంతి వెళ్ళేదాకా వారానికి రెండుసార్లు గుంటూరు బస్సు, చేతికి వ్యాయామం. బంతి పిసకడం, బట్టల క్లిప్పులు పెట్టడం తియ్యడం, పళ్ళెంలోంచి కందిపప్పు గింజలు ఒక్కొక్కటే ఏరడం. మచ్చ లోపల అతుక్కుపోయింది, వేళ్ళు చాపితే లాగుతుంది. బొటనవేలూ చూపుడువేలూ కలుస్తాయి గాని మొనకు మొన కలవవు. కలిసినా వణుకుతాయి. "మామూలు పనులకు ఇబ్బంది ఉండదు" అంది వ్యాయామం చేయించే అమ్మాయి. మామూలు పనులకు నా ఎడమ చేతిని ఎవరు వాడనిచ్చారు?

సంక్రాంతి సెలవులయ్యాక ఒక సాయంత్రం మా ఆయన అటకెక్కి అట్టపెట్టె దించాడు. దుమ్ము తుడిచి బల్ల మీద పెట్టి నిలబడ్డాడు. సగం రంగులు ఎండి రాయయ్యాయి. మిగిలినవాటితో ఒక విలుకాణ్ణి తీసుకుని కన్ను పెట్టబోయాను. చుక్క కాదు, బొట్టు పడింది. తుడిచి మళ్ళీ పెట్టాను. చెంప మీదికి జారింది. అయిదుసార్లు.

"పోనీ కుడి చేత్తో ప్రయత్నించకూడదూ? రాస్తావు కదా" అన్నాడు. మెల్లగానే అన్నాడు పాపం.

"మీ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి అన్ని పనులూ కుడి చేత్తోనే చేసిపెట్టాను. ఇదొక్కటే నేను నా చేత్తో చేసుకునేది. దీన్ని కూడా కుడికి మార్చమంటారా?" అన్నాను. వంటింట్లో అత్తయ్య చేతిలో గరిటె చప్పుడు ఆగిపోయింది. మా ఆయన, "నేను చూడలేదు సుజాతా. ఎప్పుడూ చూడలేదు" అన్నాడు. క్షమించానని ఇక్కడ రాస్తే చదవడానికి బాగుంటుంది. క్షమించలేదు. కానీ ఆ రోజు నుంచి అతను షాపు నుంచి వచ్చి బల్లకి అటువైపు కూర్చుంటాడు, బొమ్మ కదలకుండా పట్టుకుంటాడు. ఇప్పుడు లావు కుంచెతో వేస్తున్నాను. నా కొత్త సైనికులందరివీ మొరటు మొహాలు, కళ్ళు ఉండాల్సిన చోట నీడలు.

ఇక నేను చేసిన రెండో తప్పు. బడిలో చేతికేమైందని అడిగినవాళ్ళకు నూనె పడిందని చెప్పాను. సోషల్ టీచరు వాత పెట్టించుకుందని పిల్లలకు తెలిస్తే ఏం మొహం పెట్టుకుని పాఠం చెప్పను? విజయ ఒక్కదానికే నిజం తెలుసు, నా పరువు కోసం తనూ నోరు మూసుకుంది. ఇంటి దగ్గర మాత్రం అత్తయ్య కనపడినవాళ్ళందరికీ, "మా కోడలికి ఇరవై ఒక్క రోజుల్లో మాయమైపోయాయి" అని చెబుతూ వచ్చింది. ఈ రెండు మాటలూ ఒకే ఊళ్ళో తిరిగాయి.

మార్చిలో, కళ్ళాల్లో మిరప ఎండుతూ ఊరంతా ఘాటుగా ఉన్న రోజుల్లో, తొమ్మిదో తరగతి మౌనిక వారం రోజులు బడికి రాలేదు. వచ్చిన రోజు మధ్యాహ్న భోజనం దగ్గర చూశాను. అందరూ సాంబారు పోయించుకుంటుంటే అది ఇంటి నుంచి తెచ్చుకున్న తెల్లటి మజ్జిగన్నం తింటోంది. కళ్ళు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఎడమ మణికట్టుకి గుడ్డ, అంచుల్లో బూడిద.

"ఏంటే ఇది?"

"వాత టీచర్. పొదిలి అవతల పెట్టించారు." నా మొహం చూసి భయపడినట్టుంది. "మీరు ఎళ్ళిన చోటే టీచర్. మా నాన్న మీ ఇంటికొచ్చి మీ అత్తయ్య గారిని అడిగి అడ్రసు రాయించుకున్నాడు. టీచరుగారికే తగ్గిందంట గదా అని."

దాని చెయ్యి పట్టుకుని కొళాయి దగ్గరికి లాక్కుపోయాను. నా బొటనవేలు సరిగ్గా బిగుసుకోదు, అయినా వదల్లేదు. గుడ్డ విప్పి సబ్బుతో కడిగాను. "తడి తగలకూడదంట టీచర్, మా నాన్న చంపేస్తాడు" అని ఏడుస్తోంది. చుట్టూ పిల్లలు మూగారు. పుండు ఎర్రగా ఉంది, చీము ఇంకా పట్టలేదు. "వీళ్ళ నాన్నకు ఫోను చేసి రమ్మను" అని విజయకు చెప్పాను.

పది నిమిషాల్లో బండి మీద వచ్చాడు. కళ్ళంలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా నిండా ఎర్రటి దుమ్ము. కూతురి తడి చెయ్యి చూడగానే గొంతు లేచింది. "ఏందమ్మా ఇది, మీరు చదువుకున్నోళ్ళు, తడి తగలకూడదని మీకు తెలవదా? మీకు తగ్గలేదా అక్కడ?"

మచ్చ కనపడకుండా కుట్టించుకున్న పొడుగు చేతుల జాకెట్టు గుండీ విప్పి పైకి లాగాను. మణికట్టు తిప్పి ఆయన ముందు పెట్టాను. టీచర్లున్నారు, వంట చేసే ఆయాలున్నారు, పళ్ళేలు పట్టుకుని బడి బడంతా ఉంది.

"ఇది నూనె పడిన మచ్చ కాదండీ. వాత. పుండై కుళ్ళితే గుంటూరులో కోశారు. కామెర్లు వాటంతటవే తగ్గాయి. ఇది తగ్గలేదు, తగ్గదు." వేళ్ళు మడిచి చూపించాను, ఎంతవరకు వస్తాయో అంతవరకు.

ఆయన నా చేతిని చూశాడు, కూతురి చేతిని చూశాడు. కోపం దిగిపోయింది. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి ఆ పిల్ల చెయ్యి మెల్లగా అద్దాడు.

"మరి ఇన్నాళ్ళూ మాకెందుకు చెప్పలేదు టీచరమ్మా?" అన్నాడు.

నిష్ఠూరంగా అనలేదు, తెలుసుకుందామనే అడిగాడు. డాక్టరు మీద, అత్తయ్య మీద, మా ఆయన మీద ఎనిమిది నెలలుగా కూడబెట్టుకున్న మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఆయనకు చెప్పడానికి పనికిరాలేదు. పిల్లను బండి ఎక్కించమన్నాను. విజయ స్కూటీ తాళాలు తెచ్చింది. ముందు డాక్టరు దగ్గరికి పదండి, నేనూ వస్తున్నాను, అక్కడ కూర్చున్నాక అన్నీ చెప్తాను అన్నాను.